వీధి వేప నుంచి వెలిగొండ అడవి దాకా: ఊరి చెట్లను చూసుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

నెల్లూరు పొగతోటలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో నిండుగా ఉన్న ఒక వేపమాను ఉన్నట్టుండి ఎండటం మొదలుపెడితే ఆ సంగతి ఎవరికి చెప్పాలో ఆ వీధిలో ఒక్కరికీ తెలియదు. నగరపాలక సంస్థకు చెబితే రోడ్డు మాది కాదంటారు, రోడ్ల శాఖకు చెబితే చెట్లు అటవీశాఖవంటారు, అటవీశాఖకు చెబితే పట్టణం లోపలి చెట్టు తమ పరిధి కాదంటారు. ఈలోగా తీగలకు అడ్డమొచ్చిందని విద్యుత్తు సిబ్బంది వచ్చి సగం కొట్టేసి వెళతారు. పట్టణంలో చెట్టుకు ఎండ, కరువు, తుఫానుల కంటే పెద్ద ఆపద, దానికి జవాబుదారీగా ఎవరూ లేకపోవడమే. ఊరి వెలుపల ఉన్న సర్కారు అడవిదీ చాలావరకు ఇదే పరిస్థితి. అందుకని ఈ మార్గదర్శి మొక్క నాటడంతో కాకుండా, చెట్టుకు ఒక జవాబుదారును వెతకడంతో మొదలవుతుంది. ఒక వీధి సంఘమో, అపార్టుమెంటు సంఘమో, ఒక గ్రామ వన సంరక్షణ సమితో పది మందితో మొదలుపెట్టగలిగే పనులనే ఇందులో చెప్పాను.

మొదటి అడుగు: చెట్ల చిట్టా రాసుకోవడం

ఒక నూరు పేజీల నోటుపుస్తకం, దర్జీలు వాడే టేపు, ఫోను ఉంటే ఈ పనికి చాలు. వీధిలోని ప్రతి చెట్టుకూ ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్యను మేకు కొట్టి తగిలించకూడదు. మాను మీద చేతి వెడల్పున సున్నం పూసి దాని మీద రంగుతో రాస్తే సరిపోతుంది. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర, మాను చుట్టుకొలత తీసి సెంటీమీటర్లలో రాసుకోవాలి. అటవీశాఖ వారు కొలిచేదీ ఈ ఎత్తు దగ్గరే కనుక రేపు వారితో మాట్లాడేటప్పుడు రెండు లెక్కలూ కలుస్తాయి.

చుట్టుకొలత పక్కన జాతి పేరు, ఏ ఇంటి ఎదుట ఉన్నదీ, ఎటు వాలి ఉన్నదీ, మొదలు చుట్టూ మట్టి ఉందా సిమెంటు ఉందా, పైన తీగలు ఉన్నాయా, తొర్రలు ఉన్నాయా, మొదట్లో పుట్టగొడుగులు మొలుస్తున్నాయా అన్నవి రాయాలి. చెట్టు మొదట్లో, వేళ్ళు నేలలోకి దిగే చోట, చెక్కలా గట్టిగా ఉండే పుట్టగొడుగులు కనిపిస్తే లోపల చేవ కుళ్ళుతున్నదని అర్థం, కాబట్టి దాని వరుస సంఖ్య పక్కన ఎర్ర గుర్తు పెట్టాలి. ప్రతి చెట్టుకూ రెండు ఫొటోలు, ఒకటి నిలువుగా మొత్తం, ఒకటి మొదలు దగ్గర, తీసి తేదీతో దాచుకోవాలి. యాభై చెట్ల వీధికి ఇద్దరు మనుషులు ఒక ఆదివారం పొద్దున కూర్చుంటే పని అయిపోతుంది. నా అనుభవంలో ఈ చిట్టా చేతిలో పెట్టుకొని వెళ్ళిన అర్జీకీ, ఉత్త చేతులతో వెళ్ళిన అర్జీకీ ఆఫీసులో దొరికే మర్యాదలో చాలా తేడా ఉంటుంది.

రెండో అడుగు: ఆ చెట్టు ఎవరిదో తేల్చుకోవడం

నగరపాలక సంస్థ వేసిన వీధిలోని చెట్టు నగరపాలక సంస్థది. జాతీయ రహదారి పక్కనున్నది రహదారి సంస్థ పరిధిలోకి, రాష్ట్ర రహదారి పక్కనున్నది రోడ్లు, భవనాల శాఖ పరిధిలోకి వస్తాయి. చెరువుకట్ట మీదున్నది జలవనరుల శాఖకూ, గుడి ఆవరణలోనిది దేవదాయశాఖకూ, స్టేషన్ ఆవరణలోనిది రైల్వేకూ చెందుతాయి. నేల ఎవరిదైతే సంరక్షణ బాధ్యత మొదట వారిదే. అయితే నరకడానికి అనుమతి ఇచ్చే అధికారం వేరు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం 2002లో వచ్చింది, దానినే వాల్టా అంటారు. ఈ చట్టం ప్రకారం నిర్దేశిత అధికారి అనుమతి లేకుండా చెట్టును కొట్టరాదు, కొట్టినచోట బదులు మొక్కలు పెంచాలి. సరుగుడు, జామాయిలు, సుబాబుల్ వంటి తోటపంట జాతులు కొన్నింటికి మినహాయింపులు ఉన్నాయి. వేప, చింత, రావి వంటివి ఆ కోవలోకి రావు. సొంత పెరట్లో చెట్టు కనుక ఎవరినీ అడగనక్కరలేదనుకోవడం మన ఊళ్ళలో చాలామందికి ఉన్న అపోహ.

చిట్టాలోని ప్రతి చెట్టు ఎదుటా ఆ శాఖ పేరు రాసి, ఆ శాఖలకు విడివిడిగా ఒక్కొక్క లేఖ ఇవ్వాలి. ఒకే లేఖను అందరికీ పంపితే అందరూ పక్కవాడు చూసుకుంటాడనుకుంటారు. లేఖలో ఆవేశం అక్కరలేదు. ఫలానా సంఖ్య గల చెట్టు మీ నేలలో ఉన్నది, దాని సంరక్షణ చూసే అధికారి ఎవరో తెలియజేయండి అని అడిగితే చాలు. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న అడగవచ్చు, దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలెక్టరేట్లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే అర్జీకి నమోదు సంఖ్య వస్తుంది కనుక దానిని చిట్టాలో అంటించుకోవాలి. నా అర్జీ ఒకటి మూడు ఆఫీసులు తిరిగి మొదట ఇచ్చిన ఆఫీసుకే వచ్చింది. విసుగు పుట్టిన మాట నిజమే గాని, ఆ తిరుగుడులోనే ఆ చెట్టు ఎవరిదో రాతపూర్వకంగా తేలింది.

మూడో అడుగు: జబ్బు ఎక్కడుందో చూడటం

పట్టణంలో చెట్లను చంపే వాటిలో పురుగులు, తెగుళ్ళ వాటా తక్కువ. మనుషులు చేసేవే ఎక్కువ. మొదలుకు ఆనించి పోసిన సిమెంటు, చెత్త పోగుచేసి మొదట్లోనే వేసే మంట, ప్రకటన బోర్డుల మేకులు, పండగ దీపాల తీగను విప్పకుండా వదిలేయడం, ఇనుప కంచెను చెట్టు పెరిగినా తీయకపోవడం వంటివన్నీ కంటికి కనిపిస్తూనే ఉంటాయి. బెరడు కింద ఉండే పలుచటి పొర గుండానే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు దిగుతుంది. తీగ చుట్టూ బిగుసుకొని ఆ పొరను నొక్కేస్తే పైన పచ్చగానే ఉన్నా కింద వేళ్ళు ఆకలితో చస్తాయి. అటువంటి చెట్టు రెండు మూడేళ్ళ తరువాత ఎండుతుంది గనుక అసలు కారణం ఎవరికీ తట్టదు.

కంటికి కనిపించనిది కాలువ తవ్వకం. నీళ్ళ పైపుకో, మురుగు కాలువకో, కేబులుకో తవ్వేటప్పుడు ఒకవైపు వేళ్ళన్నీ తెగుతాయి. చెట్టుకు తిండి తెచ్చే వేళ్ళలో అధికభాగం పై రెండు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను దాటి కూడా పరుచుకొని ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రెండు పెద్ద చెట్లు పడిపోయాయి. లేచిన వేరుముద్దను చూస్తే కాలువ వైపు వేళ్ళు గోడ కట్టినట్టు నున్నగా తెగి ఉన్నాయి. అందరూ గాలిని తిట్టారు, కానీ ఆ రెండు చెట్లూ అంతకు ముందు తవ్వకంలోనే పడిపోయాయని నేననుకుంటున్నాను.

వేప విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2021 ప్రాంతం నుంచి తెలుగు జిల్లాల్లో వేపచెట్ల కొమ్మల చివర్లు మాడినట్టు ఎండటం అందరూ చూస్తున్నారు. ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం దీనికి ముఖ్య కారణం. లేత చిగుళ్ళ రసం పీల్చే తేయాకు దోమ అనే పురుగు దీనికి తోడవుతుంది. వానలు, చలి మొదలైన నెలల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు చెట్టు మొత్తం చచ్చిపోయినట్టే ఉంటుంది. తొందరపడి కొట్టేయకూడదు. గోటితో కొమ్మ బెరడు గీసి చూసి లోపల పచ్చదనం ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్టు. చాలా చెట్లు వేసవి ముందు మళ్ళీ చిగురిస్తాయి. ఎండిన కొసలను కత్తిరించి కాల్చేయడం, పాదులో పశువుల ఎరువు వేసి నీళ్ళు కట్టడం ఇంటి ముందు చేయగలిగిన వైద్యం. నర్సరీ మొక్కలకూ, చిన్న చెట్లకూ కార్బెండజిమ్ అనే శిలీంధ్రాన్ని చంపే మందును లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి పిచికారీ చేయడం పనికొస్తుంది. నలభై అడుగుల మానుకు వీధిలో మందు కొట్టించడం మాత్రం డబ్బు దండగ, పైగా ఆ తుంపర కిటికీల్లోకి పోతుంది.

నాలుగో అడుగు: వేళ్ళకు ఊపిరి ఇవ్వడం

ఇది అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ చెట్ల విషయంలో మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని చెప్పింది. మన వీధులకూ ఆ కొలతనే పెట్టుకోవచ్చు. సిమెంటును జేసీబీతో లేపించకూడదు. ఉలి, సుత్తి, గునపంతో చిన్న ముక్కలుగా పగలగొట్టి తీయాలి. లోపల బిగిసిపోయిన మట్టిని పారతో తిరగేయడం కూడా తప్పే. ముల్లుగరిటెతో నాలుగు అంగుళాల లోతు గుచ్చి, దాని మీద బాగా మాగిన ఎరువు రెండు అంగుళాలు, ఆ పైన రాలిన ఆకులు మూడు అంగుళాలు పరచాలి. ఆకులు మానుకు ఆనకుండా ఒక జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే బెరడు చెమ్మకు కుళ్ళుతుంది.

కొత్తగా తవ్వకం జరగబోతుంటే కాంట్రాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. చుట్టుకొలత మీటరు ఉన్న చెట్టుకు నాలుగు మీటర్ల దూరం వరకు యంత్రం రాకూడదని లెక్క పెట్టుకోండి. చుట్టుకొలతను నాలుగుతో గుణిస్తే వచ్చేది ఆ చెట్టుకు కావలసిన వేరు పరిధి. ఇరుకు సందుల్లో అంత జాగా దొరకదు. అప్పుడు ఆ మేర మనుషుల చేత తవ్వించి, బొటనవేలి కంటే లావైన వేరు ఏదీ తెగకుండా పైపును వేరు కిందుగా పోనివ్వాలి. తెగక తప్పని వేరును రంపంతో నున్నగా కోయాలి, జేసీబీ పన్ను లాగి చీల్చినది మాత్రం మూసుకోకుండా కుళ్ళుతుంది.

ఐదో అడుగు: కొమ్మలు కోసే పద్ధతి

మన ఊళ్ళలో కొమ్మలు కొట్టించడమంటే గొడ్డలి ఇచ్చి మనిషిని పైకెక్కించడమే. అతను నడిమి కొమ్మను సగానికి నరికి మోడు చేస్తాడు. ఏడాది తిరిగేసరికి ఆ మోడు చుట్టూ చీపురు పుల్లల్లా పది కొత్త కొమ్మలు వస్తాయి. అవి లోపలి కర్రలోంచి కాక పైపొరలోంచి పుట్టినవి కనుక పట్టు తక్కువ. మొదటి పెద్ద గాలికి ఊడి తీగల మీద పడేవి అవే. చెట్టును మోడు చేయడం వల్ల ప్రమాదం తగ్గదు, మూడేళ్ళు వాయిదా పడి ఎక్కువవుతుంది.

సరైన కోతకు మూడు దశలు ఉన్నాయి. మాను నుంచి అడుగున్నర దూరంలో కొమ్మ కిందివైపు నుంచి మూడో వంతు మందం దాకా రంపంతో కోయాలి. అక్కడి నుంచి మరో రెండు మూడు అంగుళాలు బయటికి జరిగి పైనుంచి కోస్తే కొమ్మ బరువుకు బెరడు చీల్చకుండా విరిగి పడుతుంది. మిగిలిన పొట్టి ముక్కను, కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బెత్తుగా కనిపించే మడతను తాకకుండా, దానికి ఆవలి అంచున కోయాలి. ఆ మడతలో చెట్టు తన గాయాన్ని మూసుకొనే శక్తిని దాచుకుంటుంది. చెట్టు గాయం మన గాయంలా మానదు. కుళ్ళును లోపలే గోడ కట్టి ఆపి, పైన కొత్త కర్రతో కప్పుకుంటుంది. అందుకే కోసినచోట తారు, రంగు, పేడ పూయడం వల్ల లాభం లేదు, తడి లోపల నిలిచి కుళ్ళు పెరుగుతుంది.

ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో నాలుగో వంతుకు మించి తీయకూడదు. మనకు పెద్ద గాలులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి కాబట్టి ఎండు కొమ్మలు, ఒరుసుకొనే కొమ్మలు తీసే పని ఆగస్టు, సెప్టెంబరుల్లో ముగియాలి. తీగల దగ్గర మాత్రం ఎంత చిన్న కొమ్మయినా మీరు చేయి పెట్టకండి. విద్యుత్తు పంపిణీ సంస్థకు ముందుగా లేఖ రాసి, సరఫరా ఆపించి, వారి మనుషుల చేతనే కోయించి, పక్కన నిలబడి ఎక్కడ కోయాలో చూపించండి. ఇలా నిలబడి చూపించే మనిషి ఉన్న వీధిలో చెట్లు ఒక ఆకారంలో ఉంటాయి.

ఆరో అడుగు: కొత్త మొక్క, సరైన చోటు, సరైన కార్తె

వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ జులై నెలలో మొదలుపెట్టారు. నైరుతి వానలు బాగా కురిసే ప్రాంతాలకు అది చక్కటి నెల. నెల్లూరు జిల్లాలో మాత్రం ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య ఈశాన్య ఋతుపవనాలతో పడుతుంది. జులైలో ఇక్కడ నాటిన మొక్క రెండు చినుకులు చూసి, ఆ తరువాత ఆగస్టు ఎండల్లో మాడుతుంది. కాబట్టి ఫొటోల కోసం జులైలో పది మొక్కలు నాటినా, మిగిలిన తొంభై మొక్కలనూ హస్త, చిత్త కార్తెల దాకా, అంటే సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మూడో వారం దాకా, నర్సరీలో పెంచుకోవడం మంచిది. తుఫానులు బలంగా వచ్చే నవంబరు నాటికి వేళ్ళు కొంచెం పట్టు దొరకబుచ్చుకుంటాయి. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి, మార్కాపురం మెట్టల్లో వానే తక్కువ కనుక సెప్టెంబరు తొలి పదునునే పట్టుకోవాలి.

గుంతలు మాత్రం మేలోనే తవ్వాలి. రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతు చాలు. రాతి నేలైతే మూడు అడుగులు. నెల పాటు ఎండకు కాగిన గుంతలో పురుగులు, గుడ్లు చస్తాయి. తవ్విన పైమట్టిని, అడుగుమట్టిని వేరువేరుగా పోసుకొని, నాటేటప్పుడు పైమట్టిలో రెండు తట్టల మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో గుంత బావిలా నీళ్ళు పట్టి వేళ్ళను కుళ్ళబెడుతుంది కనుక అక్కడ మొక్కను చుట్టూ నేల కంటే అర అడుగు ఎత్తున మట్టిదిబ్బ మీద నాటాలి. పెన్నా ఇసుక మేటలున్న చోట్ల దీనికి విరుద్ధంగా పల్లంగా పాదు చేయాలి. మొక్క అయిదారు అడుగుల ఎత్తు ఉండాలి. ప్లాస్టిక్ సంచి చించాక వేళ్ళు గుండ్రంగా చుట్టుకొని ఉంటే బ్లేడుతో నాలుగు వైపులా నిలువుగా గీసి విడదీయాలి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల పదేళ్ళ తరువాత చెట్టు తన వేరు తానే మెడకు బిగించుకొని పడిపోతుంది.

జాతుల ఎంపికలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వెడల్పయిన రోడ్లకు వేప, కానుగ, నేరేడు. చెరువుకట్టలకూ, పార్కులకూ రావి, మర్రి, చింత. సముద్రపు గాలి తగిలే చోట్ల పొన్న, కానుగ, బాదం. తీగల కింద పారిజాతం, దేవగన్నేరు వంటి పొట్టి చెట్లు. తురాయి పూసినప్పుడు ఎంత అందంగా ఉన్నా దాని కర్ర పెళుసు, వేళ్ళు పైపైనే ఉంటాయి, తుఫాను జిల్లాలో ఇళ్ళ మధ్య దానిని నాటడం పొరపాటు. డివైడర్ల మీద దట్టంగా పచ్చగా కనిపించే కోనోకార్పస్ విదేశీ మొక్క. పుప్పొడి వల్ల ఎలర్జీ సమస్యలు, పైపులను చొచ్చుకుపోయే వేళ్ళు అని గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటవద్దని ఉత్తర్వులు ఇచ్చింది. నీళ్ళు తక్కువైనా, ఉప్పు నీళ్ళైనా బతుకుతుందని మన కాంట్రాక్టర్లకు అది ఇష్టం. ఉన్నవాటిని ఒక్కరోజులో పీకేసి రోడ్డును బోడి చేయకుండా, పక్కన కానుగ నాటి అది ఎదిగాక వీటిని తీయడం ఉత్తమం. నెల్లి, అంటే ఉసిరి, చెట్టు వల్లనే నెల్లూరుకు ఆ పేరు వచ్చిందని మూలస్థానేశ్వరుడి స్థలపురాణం చెబుతుంది కదా అని ఉసిరిని వీధిలో నాటాలని ఉత్సాహపడేవాళ్ళు ఉన్నారు. కాయల బరువుకే విరిగే కొమ్మలు దానివి. గుడి తోటలోనో, పెరట్లోనో పెంచుకోవడం మేలు.

ఏడో అడుగు: మూడు వేసవులు

నాటిన మొక్కల్లో పోయేవి ఎక్కువగా తొలి వేసవిలోనే పోతాయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు బిందెలు పోయాలి. రోహిణి కార్తెలో మూడుసార్లు. రోజూ చెంబెడు పోయడం కంటే ఇది నయం, ఎందుకంటే నీరు లోతుకు దిగితేనే వేరు లోతుకు దిగుతుంది. అడుగున చిన్న చిల్లు పెట్టి వత్తి గుడ్డ దూర్చిన మట్టికుండను మొక్క పక్కన పాతితే ఊరు వెళ్ళినా వారం గడుస్తుంది. బోరునీళ్ళు ఉప్పగా ఉన్న వీధుల్లో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు పోయడం మంచిది. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క ఇంటి పేరు చిట్టాలో రాయాలి. అందరి మొక్క అని రాస్తే ఎవరూ నీళ్ళు పోయరు.

ఊతకర్రను గట్టిగా బిగించకూడదు. మొక్క గాలికి కొంచెం ఊగితేనే మాను బలపడుతుంది. రెండో ఏడు దాటాక కర్రనూ, నాలుగో ఏట కంచెనూ తీసేయాలి.

ఎనిమిదో అడుగు: తుఫాను మరునాడు

పడిన ప్రతి చెట్టునూ ముక్కలు చేయనక్కరలేదు. చుట్టుకొలత ఒకటిన్నర అడుగుకు లోపు ఉండి, వేళ్ళలో సగమైనా నేలలోనే ఉన్న చెట్టును ఒకటి రెండు రోజుల్లో లేపి నిలబెట్టవచ్చు. లేచిన వేళ్ళను తడి గోనెసంచులతో కప్పి, చినిగిన కొసలను నున్నగా కోసి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, తాళ్ళతో మెల్లగా లేపి, మూడు వైపులా ఊతాలు కట్టాలి. మూడో రోజు దాటితే ఎండలో వేళ్ళు చస్తాయి. పెద్దచెట్లను చిట్టాలో కొట్టివేసేముందు వేరుముద్ద ఫొటో తీయడం మరవకూడదు. ఏ వైపు వేరు ఎందుకు తెగి ఉందో మరుసటి తవ్వకానికి సాక్ష్యం అదే. ఈ కర్రను వేలం వేసే హక్కు నేల యజమాని శాఖదే కనుక రాత్రికి రాత్రి ట్రాక్టరు వస్తే ఆపి కాగితం అడగవచ్చు.

తొమ్మిదో అడుగు: ఊరి వెలుపలి అడవి

పట్టణంలో కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు సాధారణంగా ఎక్కడో అటవీ భూమిలో నాటుతారు. లెక్క సరిపోతుంది గాని వీధికి నీడ తిరిగి రాదు. అటవీ భూమినే రోడ్డుకో గనికో ఇస్తే 2016 నాటి పరిహార వనీకరణ నిధి చట్టం కింద డబ్బు జమ అవుతుంది. ఆ డబ్బుతో మన జిల్లాలో ఎక్కడ ఏ మొక్కలు నాటారో, ఎన్ని బతికాయో జిల్లా అటవీ అధికారిని లిఖితపూర్వకంగా అడగడం పౌరుడు చేయగల తొలి పని. అడవికి పదేళ్ళ కార్యప్రణాళిక ఒకటి ఉంటుంది. మన దగ్గరి బీటు, అంటే ఒక బీటు అధికారి చూసుకునే అడవి ముక్క, ఆ ప్రణాళికలో ఏ విభాగంలో ఉందో తెలుసుకున్నాక మిగతా మాటలు మాట్లాడాలి.

అడవిని ఊరివాళ్ళూ అటవీశాఖా కలిసి చూసుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యం మన రాష్ట్రానికి 1992లో వచ్చింది, దాని కింద ఏర్పడినవే వన సంరక్షణ సమితులు. కొన్ని ఊళ్ళలో ఆ సమితి బోర్డు మాత్రమే మిగిలింది. దానిని బతికించదలచినవారు పాత తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం ఎవరి దగ్గర ఉన్నాయో ముందు వెతకాలి. అవి దొరికాక రేంజి అధికారిని పిలిచి సర్వసభ్య సమావేశం పెట్టాలి. నల్లమల వైపు చెంచులు, నెల్లూరు వైపు యానాదులు ఉన్న గూడేల్లో 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకే అడవి మీద సాముదాయక హక్కు, అంటే ఊరంతటికీ కలిపి ఉండే హక్కు, కోరే వీలుంది, సమితి ఆ గ్రామసభను దాటి నిర్ణయాలు చేయకూడదు.

తీరం వెంట సరుగుడు తోటలు గాలికి గోడలాంటివి. అయితే అన్నీ ఒకే వయసులో ఉండి నాలుగైదేళ్ళకు ఒకేసారి కోతకు వస్తే ఆ ఏడాది ఊరికి గోడ ఉండదు. సముద్రం వైపు పట్టీని కోతకు దూరంగా ఉంచి, లోపలి భాగాన్ని నాలుగైదు ముక్కలు చేసి ఏడాదికి ఒక ముక్క కోసుకోవాలని సమితి తీర్మానించుకోవాలి. మధ్యలో తాడి, మొగలి, పొన్న కలిపితే ఒక తెగులుకు అంతా పోదు. నేలపట్టు చెరువులో గూడబాతులు గూళ్ళు కట్టేది నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద. పాత నెల్లూరు జిల్లాలో చెరువు పల్లాల్లో నాటడానికి ఇంతకంటే తగిన చెట్టు లేదు, మన నర్సరీల్లో మాత్రం అడిగితే తప్ప పెంచరు.

సర్కారు తుమ్మ సంగతి కొంచెం ఓపికగా చూడాలి. 1877లో తెప్పించిన విత్తనంతో కడప ప్రాంతంలో మొదలైన ఈ చెట్టు ఇప్పుడు మన చెరువులన్నిటినీ కమ్మేసింది. అయినా వంటచెరకు, బొగ్గు దీని మీదే ఆధారపడిన పేద కుటుంబాలు ఉన్నాయి. యంత్రం పెట్టి ఒక్కసారి చదును చేస్తే వారి బతుకు పోతుంది, మొదళ్ళు మళ్ళీ చిగురిస్తాయి. కాయ పండకముందే ఒక ముక్కను ఎంచుకొని, నేలకు అడుగు లోతున వేరుమొదలుతో సహా తవ్వి తీసి, ఆ కర్రను ఆ కుటుంబాలకే ఇచ్చి, అదే వానకు అక్కడ కానుగ, నల్లతుమ్మ నాటి, మూడేళ్ళు మేకలను, గొడ్లను రానీయకుండా చూడాలి. పశువులు కాయలు తిని పేడలో విత్తనం మోస్తాయి కనుక ఈ కట్టడి లేకపోతే పని వృథా.

వెలిగొండల్లో ప్రధాన శత్రువు నిప్పు. ఉదయగిరి, రాపూరు వైపు అడవులు ఆకు రాల్చే ఎండు అడవులు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకు. లేత గడ్డి కోసం కాపరులు పెట్టే మంట, దారిన పారేసే బీడీ ముక్క చాలు. జనవరిలోనే బాటల వెంట, ఊరి హద్దు వెంట నాలుగు మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చి నిప్పుబాటలు చేయాలి. ఇందుకు కూలీని రేంజి ఆఫీసు నిధుల నుంచి అడగాలి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారాన్ని ఫోనుకు ఉచితంగా పంపుతుంది, ఎవరైనా తమ జిల్లాను ఎంచుకొని నమోదు కావచ్చు. ఊరికి కనీసం ఇద్దరు కుర్రవాళ్ళ చేత నమోదు చేయించండి. మంట ఆర్పడానికి పచ్చి కొమ్మలతో, గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపు నుంచే అంచులు కొట్టుకుంటూ రావాలి, మంటకు ఎదురు వెళ్ళకూడదు. ఇంకో మాట: ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది. దుంగలు గాని, కొత్త మనుషులు గాని కనిపిస్తే దగ్గరికి పోకుండా, ఫొటో కోసం ఆగకుండా వెనక్కి వచ్చి బీటు అధికారికి చెప్పడం వరకే సమితి పని.

పదో అడుగు: చిట్టా మళ్ళీ తెరవడం

సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం చిట్టా పట్టుకొని మళ్ళీ అదే వీధిలో, అదే క్రమంలో నడవండి. అదే ఎత్తున టేపు పెట్టి చుట్టుకొలత పాతదాని పక్కన రాయండి. ఏడాదిలో ఒక్క సెంటీమీటరూ పెరగని చెట్టు ఏదో బాధలో ఉన్నట్టు, మూడో అడుగులో చెప్పినవన్నీ దానికి మళ్ళీ చూడాలి. పోయిన మొక్క గళ్ళలో ఎవరి ఇంటి పేరు ఉందో చూసి వారిని నిందించకుండా కారణం అడిగి రాసుకోండి. మేక, నీళ్ళు, బండి, తెగులు అని ఒక్క మాట చాలు. రెండేళ్ళు వరుసగా మేక అని పడిన చోట కంచె మార్చాలి, నీళ్ళు అని పడిన చోట ఆ మొక్కను వేరే ఇంటికి అప్పగించాలి. వన సమితి అయితే ఇదే రోజున నిప్పుబాట ఎంత మేర ఊడ్చారో నడిచి కొలవాలి. ఆ కాగితం నకలు ఒకటి రేంజి ఆఫీసుకూ, ఒకటి నగరపాలక సంస్థకూ ఇచ్చి చేరినట్టు ముద్ర వేయించుకోండి. ఖాళీ అయిన గుంతలన్నిటికీ మేలో తవ్వడానికి మనిషిని అప్పుడే మాట్లాడుకోండి, మే వచ్చాక వెతికితే కూలీ దొరకదు.